ప్రాణాలు తీసిన పోస్టుమార్టం.. గుట్టు విప్పిందీ పోస్టుమార్టమే! ఓ డాక్టర్ విషాద గాథ

కట్టంగూర్: హైదరాబాద్-విజయవాడ హైవే మీద కట్టంగూర్ దగ్గర యాక్సిడెంట్‌లో ఎవరైనా చనిపోతే పోలీసులు పంచనామా చేసి, డెడ్‌బాడీని మార్చురీకి పంపిస్తారు. బయట బంధువులు ఏడుస్తూ ఎదురుచూస్తుంటారు. మరి లోపల కత్తి పట్టే డాక్టర్, సాయం చేసే సిబ్బంది సంగతేంటి? ఆ బాడీలో ఏ జబ్బు ఉందో వాళ్లకు ముందు తెలియదు. శవం నుంచి బతికున్న వాళ్లకు జబ్బు అంటుతుందని గట్టిగా చెప్పిన డాక్టర్ ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్. ఆ మాట చెప్పినందుకు ఆయన చాలా పోగొట్టుకున్నారు.

రెండు వార్డులు.. ఒక అనుమానం

1818 జులై 1న హంగేరీలోని బుడాలో పుట్టారు. 1846లో వియన్నా జనరల్ హాస్పిటల్‌ ప్రసూతి విభాగంలో అసిస్టెంట్‌గా చేరారు. అక్కడ రెండు వార్డులు ఉండేవి. ఒకదాంట్లో డాక్టర్లు, మెడికల్ స్టూడెంట్లు కాన్పులు చేసేవాళ్లు. రెండో దాంట్లో మంత్రసానులు. డాక్టర్ల వార్డులో వందకు దాదాపు 10 మంది బాలింతలు జ్వరంతో చనిపోయేవాళ్లు. మంత్రసానుల వార్డులో నలుగురి లోపే! మమ్మల్ని ఆ మొదటి వార్డులో వేయొద్దని గర్భిణులు బతిమాలుకునేవాళ్లట.

దోస్తు చావుతో దొరికిన జవాబు

1847లో ఆయన స్నేహితుడు, ప్రొఫెసర్ కొల్లెచ్కా ఓ శవపరీక్షలో ఉండగా స్టూడెంట్ చేతిలోని కత్తి గుచ్చుకుంది. కొద్ది రోజులకే ఆయన చనిపోయారు. ఆ పోస్టుమార్టం రిపోర్టు చూసిన సెమ్మెల్‌వైస్‌కు విషయం అర్థమైంది. బాలింతల శరీరాల్లో కనిపించిన లక్షణాలే అందులోనూ ఉన్నాయి. స్టూడెంట్లు పొద్దున శవాలు కోసి, అవే చేతులతో కాన్పులు చేస్తున్నారు. మంత్రసానులు శవాలు ముట్టరు. తేడా అక్కడే ఉంది!

మేలో ఆర్డర్ వేశారు. బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో చేతులు కడుక్కున్నాకే వార్డులోకి రావాలి. ఏప్రిల్‌లో వందకు 18 దాటిన చావులు, జూన్‌ నాటికి రెండుకు దగ్గరగా పడిపోయాయి.

సీనియర్లకు ఇది మింగుడుపడలేదు. తమ చేతులే ప్రాణాలు తీశాయంటే ఎవరు ఒప్పుకుంటారు? అప్పటికి సూక్ష్మక్రిముల సంగతి ఇంకా రుజువు కాలేదు. 1849లో ఉద్యోగం పోయింది. సొంతూరికి వెళ్లిపోయి, 1861లో పుస్తకం రాశారు. 1865లో ఆయన్ను మానసిక చికిత్సాలయంలో చేర్చారు. రెండు వారాలకే, ఆగస్టు 13న గాయం చీము పట్టి, రక్తం విషమై చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 47. చివరికి ఆయన శవానికీ పోస్టుమార్టం జరిగింది.

మరి ఇప్పుడు?

అనుమానాస్పద మరణాల్లో పోస్టుమార్టానికి కుటుంబం ఒప్పుకోలు అవసరం లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 194 కింద పోలీసులే పంపిస్తారు. కానీ 2020లో కరోనా వచ్చినప్పుడు సిబ్బందికి ముప్పు అని ఐసీఎంఆర్ జాగ్రత్త చెప్పింది. కరోనా మృతుల శరీరాన్ని కోయకుండా, వీలైనంత వరకు పైపై పరీక్షతోనే సరిపెట్టాలని సూచించింది. ఇక్కడే అసలు చిక్కు. కోస్తే సిబ్బందికి ముప్పు. కోయకపోతే చావుకు కారణం తేలక ఆ కుటుంబానికి న్యాయం దొరక్కపోవచ్చు.

టీబీ, హెపటైటిస్ బీ, హెచ్ఐవీ లాంటివి శవపరీక్షలోనూ అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే మార్చురీలో పనిచేసే ప్రతి ఒక్కరికీ గ్లోవ్స్, మాస్క్, హెపటైటిస్ బీ టీకా ఉండాల్సిందే. కత్తి గుచ్చుకుంటే దాచొద్దు, వెంటనే చెప్పాలి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. 72 గంటలు దాటితే లాభం ఉండదు.