ఈకల బంతి, చెట్టుపాల బంతి

గోల్ఫ్ అంటే దొరల ఆట అనుకునేవాణ్ణి. మా ఊళ్లో కర్రతో ఆడే ఆటంటే బిళ్ళంగోడే. గోల్ఫ్ మైదానంలో నేనింతవరకు అడుగు పెట్టలేదు. అయినా ఆ ఆటకు చెందిన ఒక పెద్దాయన జీవితకథ చదివాక, మా నాన్నతో నేను పడ్డ తగాదా ఒకటి కొత్తగా అర్థమైంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన పేరు టామ్ మోరిస్. 1821 జూన్ 16న స్కాట్లాండులో సెయింట్ ఆండ్రూస్ అనే సముద్రతీరపు ఊళ్లో నేతపనివాడి ఇంట పుట్టాడు. మీసాలైనా రాకముందే అలన్ రాబర్ట్‌సన్ దగ్గర పనికి కుదిరాడు. గోల్ఫ్‌ని వృత్తిగా చేసుకున్న మొదటివాడు ఈ అలనే అని చాలామంది లెక్క. పందెపు ఆటలు ఒక ఎత్తు, ఇంటిని నడిపింది మాత్రం బంతుల తయారీ.

ఆ బంతి చేయడం మామూలు పని కాదు. తడి తోలుముక్కల్ని కుట్టి, చిన్న కంతలోంచి ఉడకబెట్టిన పెద్దబాతు ఈకలు కూరాలి. ఒక్క బంతికి పొడుగు టోపీ నిండా ఈకలు! ఆరేకొద్దీ తోలు బిగుసుకుంటుంది, లోపల ఈకలు ఉబ్బుతాయి. రెండూ కలిసి బంతి రాయిలా అవుతుంది. రోజంతా కష్టపడితే ఒక మనిషి చేసేది మూడో నాలుగో. వాన పడితే తడిసి, కుట్లు ఊడిపోయేవి.

1848 ప్రాంతంలో గట్టాపర్చా వచ్చిపడింది. మలయా అడవుల్లో ఒక చెట్టు పాలు గడ్డకడితే వచ్చే పదార్థం అది. వేడినీళ్లలో మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. దాన్ని గుండ్రంగా చేస్తే బంతి. చితికితే మళ్లీ కాచి చేసుకోవచ్చు. ధర ఎంతో తక్కువ. మొదట నున్నటి బంతులు సరిగా ఎగరలేదు. దెబ్బలు తిని గీతలు పడ్డాక బాగా ఎగిరాయి. అది చూసి కొత్త బంతులకే సుత్తితో గాట్లు పెట్టసాగారు. గరుకు బంతిని గాలి ఇంకాస్త దూరం అంటిపెట్టుకొని సాగుతుందనీ, అందువల్ల వెనక్కి లాగే బలం తగ్గుతుందనీ మనం ఫిజిక్సులో చదువుకుంటాం. ఆ పనివాళ్లు కళ్లతోనే కనిపెట్టారు.

అలన్‌కు మాత్రం ఆ బంతి పేరెత్తితే మంట. ఒకనాడు ఆట మధ్యలో తన బంతులు అయిపోయి టామ్ ఆ కొత్తది అరువు తీసుకుని ఆడాడు. సంగతి అలన్ చెవిన పడింది. మాటా మాటా పెరిగి ఇద్దరూ విడిపోయారు.

ఇక్కడే నేను పుస్తకం మూసి కూర్చున్నాను. నిరుడు వేసవి సెలవుల్లో, పాత వరి వంగడం వదిలి కొత్తది వేయమని నాన్నతో వాదించి, ఆయనది మొండితనం అనేశాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఏళ్ల తరబడి చేతికి పట్టుబడిన విద్య ఒక్కరోజులో కొరగాకుండా పోతుందంటే ఎవరికైనా భయమే కదా! అలన్‌ది కోపం కాదు, భయం. తర్వాత ఆయనే కొత్త బంతులు చేశాడు. 1858లో సెయింట్ ఆండ్రూస్ మైదానాన్ని 79 దెబ్బల్లో ముగించి, 80 లోపు ఆడిన తొలివాడయ్యాడు. మరుసటేడే చనిపోయాడు.

టామ్ 1851లో ప్రెస్ట్‌విక్ వెళ్లి అక్కడ 12 గుంతల మైదానం తీర్చిదిద్దాడు. 1860 అక్టోబరు 17న మొదటి ఓపెన్ పోటీ అక్కడే జరిగింది. ఆడింది ఎనిమిది మంది. విల్లీ పార్క్ 174 దెబ్బలతో గెలిచాడు, టామ్‌వి 176. ఆ తర్వాత 1861, 1862, 1864, 1867లలో టామ్ నెగ్గాడు. చివరిసారి ఆయనకు 46 ఏళ్లు. అంత వయసులో ఓపెన్ గెలిచినవాడు ఈనాటికీ మరొకడు లేడు. 1868లో కొడుకు టామీ అందుకుని వరసగా నాలుగు పోటీలు గెలిచాడు.

1875 సెప్టెంబరులో తండ్రీకొడుకులు నార్త్ బెర్విక్‌లో ఆడుతుండగా టామీ భార్యకు కాన్పు కష్టమైందని తంతి వచ్చింది. పడవలో సముద్రపు పాయ దాటి ఇంటికి చేరేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ లేరు. ఆ క్రిస్మస్ నాడే టామీ పోయాడు, 24 ఏళ్లకే. భార్యా, మిగిలిన పిల్లలూ కూడా టామ్ కళ్లముందే పోయారు.

ఆయన్ని నిలబెట్టింది నేల అని నాకనిపిస్తుంది. 1865 నాటికే సెయింట్ ఆండ్రూస్‌కు తిరిగొచ్చి, ఏడాదికి 50 పౌన్ల జీతానికి మైదానం సంరక్షణ చూస్తున్నాడు. 1903 దాకా అదే పని. పక్కనే సొంత దుకాణంలో కర్రలూ బంతులూ తయారుచేయించేవాడు. ఒకసారి పొరపాటున గడ్డి మీద ఇసుక ఒలికిందనీ, ఆ చోట గడ్డి ఇంకా బాగా పెరిగిందనీ, అప్పట్నుంచి ఇసుక చల్లించడం అలవాటు చేసుకున్నాడనీ చెప్పుకుంటారు. ఆదివారం ఆట సాగనిచ్చేవాడు కాదు. మనుషులకు అక్కర్లేకపోయినా నేలకు విశ్రాంతి కావాలని ఆయన పట్టుదల.

1908 మే 24న ఊళ్లోని క్లబ్బులో మెట్ల మీంచి పడి కన్నుమూశాడు. సెయింట్ ఆండ్రూస్‌లో 18వ గుంతకు ఆయన పేరే.

ఈ కథంతా నాన్నకు చెప్పాను. బంతుల సంగతి ఊరికే విన్నాడు. ఇసుక సంగతికి నవ్వి, మన చేనుకు చెరువుమట్టి తోలించినట్టేగా అన్నాడు. నేలకు విశ్రాంతి అన్నచోట మాత్రం చాలాసేపు తలూపాడు. మొండితనం అన్నందుకు నొచ్చుకోవద్దన్నాను. ఈ సార్వాకు ఒక మడి నాకు వదిలాడు, కొత్త వంగడానికి. మిగతా చేనంతా ఆయన పాత వంగడమే.