ఒక్కదానికీ కట్టుబడని బాపి బావ

పోయిన యాన్యువల్ డేకి మేం రుద్రమదేవి నాటకం వేశాం. సెట్ పని నాది. థర్మాకోల్‌తో ఓరుగల్లు తోరణం చేయడానికి మూడు రాత్రులు పట్టింది. మిడ్స్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. సివిల్ చదివేవాడివి, బొమ్మలూ నాటకాలూ ఎందుకు, ఏదో ఒక్కటి పట్టుకో అని ఇంట్లో నాన్న గట్టిగానే అన్నారు. నాకూ నిజమే అనిపించింది. బ్రష్‌లు అటక మీద పెట్టేశాను.

నాటకం కోసమని లైబ్రరీలో తీసుకున్న 'గోన గన్నారెడ్డి' మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. అది రాసిన అడివి బాపిరాజు ఎవరా అని వెతకడం మొదలుపెట్టాను.

ఆయన 1895లో భీమవరం దగ్గర పుట్టారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో చదువుకున్నారు. అక్కడి ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఇంగ్లీషాయన, స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావుకీ, బాపిరాజుకీ బొమ్మల పిచ్చి ఎక్కించింది ఆయనే. కాలేజీలో ఒక్క మంచి గురువు దొరికితే ఎంత మారుతుందో చూడండి!

తర్వాత మద్రాసులో లా చదివారు. సహాయ నిరాకరణోద్యమంలో జైలుకు వెళ్ళారు. భీమవరంలో కొంతకాలం ప్లీడరు పని చేశారు. అది మనసుకు పట్టలేదు. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర చిత్రకళ నేర్చుకున్నారు. ఆ తర్వాత అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు.

ప్రిన్సిపాల్ అంటే మనకు గుర్తొచ్చేది అటెండెన్సూ, కండొనేషన్ ఫీజూ. ఈయన మాత్రం బొమ్మలు వేస్తారు, పాటలు రాసి తానే పాడతారు, నాట్యం గురించి చెబుతారు. 'అనసూయ', 'ధ్రువ విజయం', 'మీరాబాయి' సినిమాలకు కళాదర్శకత్వం కూడా చేశారు. 'నారాయణరావు' నవలకు ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతి వచ్చింది, విశ్వనాథ సత్యనారాయణ గారి 'వేయిపడగలు'తో కలిపి. అందరూ ఆయన్ని బాపి బావ అని పిలిచేవారట.

1940లలో హైదరాబాదు వచ్చి 'మీజాన్' తెలుగు పత్రికకు సంపాదకుడిగా ఉన్నారు. చివరి రోజుల్లో సింహళం వెళ్ళి సిగిరియా కుడ్యచిత్రాలకు నకళ్ళు వేశారు. 1952లో పోయారు. అప్పటికి అరవై కూడా నిండలేదు.

ఇదంతా చదివాక 'హిమబిందు' మళ్ళీ తెరిచాను. శాతవాహనుల కాలం కథ. అందులో నగలు, రథాలు, భవనాలు చదువుతుంటే సెట్ వేసేవాడి కన్నే కనిపించింది. గోడ ఎక్కడుంది, వెలుగు ఎటునుంచి పడుతోంది, మనిషి ఏం కట్టుకున్నాడు అన్నీ తెలిసి రాశారు. బొమ్మ వేసే చెయ్యే నవల రాసింది. ఆయన ఒకదాని కోసం ఇంకొకటి వదిలేసి ఉంటే ఈ నవల ఇలా వచ్చేది కాదు.

అలాగని అంతా బాగుందని చెప్పను. ఈరోజు మనలో చాలామందికి ఆయన నవలలే తెలుసు, బొమ్మలు చూసినవాళ్ళు తక్కువ. నాలుగు పడవల్లో కాళ్ళు పెడితే జనం ఒక పడవనే గుర్తుపెట్టుకుంటారేమో. నాన్న భయంలో కూడా నిజం ఉంది.

మొన్న సాయంత్రం కోమటిచెరువు కట్ట మీద కూర్చుని ఇదే ఆలోచించాను. మన సిద్దిపేటలోనే కాపు రాజయ్య గారు పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతూ, నకాషీ బొమ్మల పద్ధతిని తన చిత్రాల్లోకి తెచ్చుకున్నారు. ఉద్యోగం, కళ రెండూ ఒకే ఇంట్లో ఉండొచ్చని మనకు దూరం వెళ్ళకుండానే కనిపిస్తుంది.

పోయిన రెండు సబ్జెక్టులూ సప్లీలో రాశాను, పాసయ్యాను. ఆ మార్కుల మెమో నాన్న చేతికిచ్చి, ఆ రోజే అటక మీంచి బ్రష్‌లు దింపాను. ఆయన చూశారు, ఏమీ అనలేదు. ఈసారి తోరణం థర్మాకోల్‌తో కాదు, వెదురుతో కడదామనుకుంటున్నాను. బరువు ఎంత మోస్తుందో లెక్క వేయాలి కదా, నేను చదివే సివిల్ అక్కడ పనికొస్తుంది.