ఉమర్ ఖయ్యాం - శాంకవములు

దువ్వూరి రామిరెడ్డిగారి ‘పానశాల’ మూలమున ఉమర్ ఖయ్యామును కవిగా మనమందరము ఎరుగుదుము. ఆయన గణితశాస్త్రవేత్త అని ఎరిగినవారము కొద్దిమందిమే.

ఖయ్యాం 1048లో పారశీక దేశమందలి నిషాపూరులో జన్మించెను. 1070 ప్రాంతమున సమర్ఖండులో అరబ్బీ భాషలో బీజగణిత గ్రంథము రచించెను. ఆ గ్రంథమునకు ఆధారము శాంకవము. శంకువును సమతలము ఖండించగా ఏర్పడు వక్రము గనుక దానికి ఆ పేరు. ఖండించు వాలును బట్టి అది వృత్తము, దీర్ఘవృత్తము, పరావలయము, అతిపరావలయము అగును. ఈ వక్రములను గ్రీకులు ముందే ఎరుగుదురు. సరళ పద్ధతులకు లొంగని ఘనసమీకరణములను 14 రకములుగా విభజించి, రెండు శాంకవములు కలిసికొను బిందువు ద్వారా వాటి మూలములను సాధించినవాడు ఖయ్యాం.

తరువాత 1074లో ఇస్ఫహాను చేరి, సుల్తాను మలిక్‌షా ఆశ్రయమున వేధశాలలో పనిచేసెను. 1079 నాటి జలాలీ పంచాంగము ఆ కృషి ఫలమే. 1131లో నిషాపూరులోనే కన్నుమూసెను.

వక్రముల సాయము లేక, కేవలము సంఖ్యలతో ఘనసమీకరణములను సాధించు సూత్రము తనకు లభింపలేదని ఆయన తన గ్రంథములోనే ఒప్పుకొని, ఆ భారమును భావితరములకు అప్పగించెను. ఆ సూత్రము 1545లో ఇటలీ దేశీయుడైన కార్డానో గ్రంథమున వెలువడినది. తెలియనిదానిని దాచని ఆ నిజాయితీయే విద్యార్థులమైన మనకు ఆదర్శము.