కీ. శే. యరగుడిపాటి వరదరావుగారు

నాట్యమును పంచమవేదమని భరతముని కాలమునుండి కొనియాడిన దేశము మనది. అయినను నటుడు మన గృహములలో చిరకాలము గౌరవమునకు దూరుడై యుండెను. హరిశ్చంద్ర నాటకమును జూచి కన్నీరు విడిచిన పెద్దలే, తమ కుమారుడు ముఖమునకు రంగు పూసికొనెదనన్నచో వాకిలి మూసిన దినములు గలవు. అట్టి దినములలో చిత్రరంగమున బ్రవేశించి, వై. వి. రావుగారని దక్షిణదేశమున బ్రసిద్ధికెక్కిన వరదరావుగారి చరిత్రమును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

వీరు 1903వ సంవత్సరమున నెల్లూరులో జన్మించిరి. యౌవనమున నాటకములాడి, పిమ్మట మూకీ చిత్రములలో వేషములు ధరించిరి. మదరాసున జనరల్ పిక్చర్సు కార్పొరేషనువారు నిర్మించిన గరుడ గర్వభంగము (1929) వానిలో నొకటి. మూకీ నటునకు కన్నులును కరములునే వాక్కు. కావున వాని కభినయమే గాని భాషాభేదము లేదు. ఆ విద్యలో నారితేరి, 1930లో పాండవ నిర్వాణమునకు దర్శకులైరి.

1931లో ఆలం ఆరాతో బొమ్మకు మాట వచ్చెను. మాటతోబాటు భాషల నడుమ గోడయు లేచెను. రావుగారా గోడను లెక్కింపలేదు. కన్నడమున మొదటి టాకీయగు సతీ సులోచనను 1934లో నడిపినది ఈ యాంధ్రుడే; అందు లక్ష్మణ పాత్రమును దామే ధరించిరి. 1937లో అరవమున వీరు తీసిన చింతామణి యేడాదికి మించి యాడెను. 1941 నాటి సావిత్రిలో శాంతా ఆప్టే సావిత్రిగాను, ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు నారదుడుగాను నటింప, వీరు సత్యవంతుడైరి.

అయినను మా దృష్టిలో వీరి కీర్తికి మూలస్తంభము 1939లో వెలువడిన మళ్ళీ పెళ్ళి. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించినది 1881లో. ఏబదియెనిమిది వత్సరములు గడచినను, సభలలో దల యూచినవారే యింట వెనుదీయుచుండిరి. పురాణకథ నెత్తుకొన్నచో నిందించువారు లేని యా కాలమున, రావుగారు బలిజేపల్లి లక్ష్మీకాంత కవిగారిచే మాటలు వ్రాయించి, కాంచనమాలగారిని బాలవితంతువుగా నిలిపి, ఆమెను బెండ్లాడు యువకుని వేషమును దామే తాల్చిరి. పసితనముననే భర్తృహీనలై, వంటయింటి మూలనే యాయువు గడపిన వృద్ధురాండ్రను మా బంధువర్గమునందే మేము చిన్ననాట జూచితిమి. వారి ముఖములు జ్ఞప్తికి వచ్చినప్పుడు, ఈ చిత్రమును కేవలము వినోదమని తలపజాలము.

సంస్కృతము నభ్యసించిన మాకు వీరి మరియొక వేషము ప్రియమైనది. 1946 నాటి లవంగి యను అరవ చిత్రమున మన తెలుగు బిడ్డ జగన్నాథ పండితరాయలుగా వీరు గనబడిరి. కులమును దాటిన ప్రేమకై నిందలు మోసిన పండితుడని లోకము చెప్పుకొను నా మహాకవి వేషమును, మళ్ళీ పెళ్ళి కథానాయకుడే ధరించుట యుచితముగా నున్నది.

వీరు 1973లో దివంగతులైరి. ప్రఖ్యాత నటి లక్ష్మిగారు వీరి కుమార్తె. సతీ సులోచన ప్రతి నేడు లభింపదు; చిత్రము నశించినను, చూపిన త్రోవ నశింపలేదు.

మహాసభకు విచ్చేసిన సోదర సోదరీమణులారా! మీ యింట కళాసక్తి గల బాలుడో బాలికయో యున్నచో వాకిలి మూయకుడు. సభలో నంగీకరించిన ధర్మమును గృహమునను నడపుడు. ఇదియే మా విన్నపము.