డోర్నకల్ అజరయ్యగారు

పరిగి నుండి రైలు ప్రయాణము చేయగోరువారు వికారాబాదునకు పోవలసియుండును. తాండూరు, వికారాబాదుల మీదుగా వాడి నుండి సికిందరాబాదు వరకు నిజాము రాజ్యమున రైలుమార్గము 1874వ సంవత్సరమున ఏర్పడెను. పదునైదేండ్లలో ఆ మార్గమే కాజీపేట, ఓరుగల్లు, డోర్నకల్ మీదుగా బెజవాడకు సాగెను. డోర్నకల్ ఇల్లెందు బొగ్గుగనులకు దారి చీలెడు కూడలి. ఆ దినములలో చుట్టును అడవియు, చిన్న పల్లెలును తప్ప మరేమియు లేని చోటు. ఈ రైలుదారి తొలిసారిగా పడిన ఆ 1874లోనే, ఆగస్టు 17వ తేదీన, దూరమునగల తమిళ దేశములో, నాటి తిరునెల్వేలి జిల్లాలోని వెళ్ళాళన్విళై అను పల్లెలో, డోర్నకల్ పేరును ప్రపంచమునకు ఎరిగింపగల శిశువొకడు జన్మించెను. ఆయనయే వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

తండ్రి థామస్ వేదనాయకంగారు వర్తక కుటుంబమున పుట్టి, మిషను బడిలో చదువుకొను దినములలో క్రైస్తవమతము స్వీకరించి, తరువాత పల్లె సంఘమునకు గురువైరి. తల్లి ఎలెన్ గారు భక్తురాలు, నియమముల యందు గట్టిమనిషి. వారు నాడార్ కులస్థులు. ఆ కులమువారిని పై కులములవారు దేవాలయములలో అడుగు పెట్టనీయని కాలమది. క్రైస్తవ సంఘములోనికి వచ్చినను కులభేదము గుమ్మము బయట ఆగిపోలేదు. గుడిలోపల సయితము ఎవరి చాప వారిదే, ఎవరి మూల వారిదే. అజరయ్యగారు దీనిని బాల్యముననే చూచిరి. 1889లో తండ్రి మరణించినప్పుడు ఆయనకు పదునైదేండ్లయినను నిండియుండలేదేమో. అటుపిమ్మట పెంపకమంతయు తల్లిదే.

తిరునెల్వేలిలో చదువు ముగించి ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి. విలియం మిల్లరుగారు అధ్యక్షులుగా నున్న ఆ కళాశాలలో అన్ని మతముల, అన్ని కులముల బాలురును చదువుచుండిరి. సేలము ప్రాంతపువాడైన కె. టి. పాల్ అక్కడనే అజరయ్యగారికి స్నేహితుడయ్యెను. చదువు మీద శ్రద్ధ కలవాడే గాని, పట్ట పరీక్షల వేళకు అజరయ్యగారు జబ్బుపడిరి. పట్టము చేతికి రాకుండగనే కళాశాల విడువవలసి వచ్చెను. తరువాతి కాలమున 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు బిరుదము నిచ్చెను గాని, పరీక్షలో నెగ్గి సంపాదించిన పట్టము ఆయనకు జీవితాంతము లేదు.

కళాశాలలోనుండగనే ఆయన మనస్సును పట్టుకొన్నది వేరొక చదువు. 1844లో లండను నగరమున జార్జి విలియమ్స్ అను యువకుడు బట్టల అంగడులలో పనిచేయు తోటివారి కొరకు స్థాపించిన క్రైస్తవ యువజన సంఘము అప్పటికి దేశదేశములకు వ్యాపించియుండెను. 1890లో డేవిడ్ మెక్కనాహే అను అమెరికా దేశస్థుడు మద్రాసున దాని శాఖను నెలకొల్పెను. ఇదిగాక, 1886వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున వేసవి శిబిరములో కూడిన విద్యార్థులలో నూరుగురు, దైవము అనుగ్రహించినచో అన్య దేశములకు సేవకు పోగలమని సంతకములు చేసిరి. దాని నుండి విద్యార్థి స్వచ్ఛంద సేవకుల ఉద్యమము బయలుదేరెను. ఆ నూరుగురిలో ఒకడైన జాన్ మాట్ 1895లో స్వీడను దేశపు వాడ్‌స్టెనాలో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య ఏర్పడుటకు ముఖ్యుడై, వెంటనే భారతదేశమునకు వచ్చి కళాశాలలన్నియు తిరిగెను. ఇందులో గమనింపదగిన సంగతి యొకటి గలదు. ఈ పని చేసినవారు పాదిరులు కారు. పుస్తకములు చంకన పెట్టుకొని తిరుగు పిల్లవాండ్రు. జీతము లేదు, ఆజ్ఞ లేదు. సెలవు దినములే వారి పనిదినములు.

1895 మొదలు 1909 వరకు పదునాలుగేండ్లు అజరయ్యగారు యువజన సంఘపు కార్యదర్శిగా దక్షిణదేశ మంతయు తిరిగిరి. కళాశాల యున్న ప్రతి పట్టణమునను విద్యార్థులను కూడదీయుట, వారితో గ్రంథపఠనము చేయించుట, వీధులలో, సంతలలో నిలిచి మాటలాడుట నేర్పుట, వారి శంకలకు రాత్రి ప్రొద్దుపోవువరకు సమాధానములు చెప్పుట ఆయన నిత్యకృత్యము. 1896లో భారతదేశమునకు వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ అను అమెరికా యువకుడు ఆయనకు ప్రాణమిత్రుడయ్యెను. ఆ దినములలో తెల్లవాడును నల్లవాడును ఒక బల్లయొద్ద భుజించుటయే వింత. వీరిద్దరును కలసి తిరిగి, కలసి ప్రార్థించి, ఒకరి తప్పులొకరు మొగముమీదనే చెప్పుకొనగలిగిన స్నేహితులు. 1898లో అజరయ్యగారు అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. దక్షిణదేశ క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన మొదటి వారిలో ఆమె యొకరు.

1902లో ఆయన సింహళద్వీపములోని జాఫ్నాకు వెళ్ళిరి. అక్కడి తమిళ విద్యార్థులు తమలో తాము చందాలు వేసికొని, సముద్రము దాటి తమిళ దేశపు తీరమున ఒక సేవకుని నిలిపి పోషించుచుండుట చూచి ఆశ్చర్యపడిరి. ఆశ్చర్యముతో పాటు సిగ్గును కలిగెను. తిరునెల్వేలి సంఘము తరతరములనాటిది, వేలకొలది కుటుంబములు గలది. అయినను తాను పొందుటయే గాని ఇతరులకు పంపుట యెరుగదు. కొద్దిమంది పడుచువాండ్రు ద్వీపము నుండి చేయగలిగిన పని ఇంత పెద్ద సంఘము ఏల చేయరాదు? ఈ ప్రశ్నతో ఆయన తిరిగి వచ్చిరి. 1903 ఫిబ్రవరి 12వ తేదీన తిరునెల్వేలి భారత మిషనరీ సంఘము ఏర్పడెను. విదేశీయుల ధనము గాని, పెత్తనము గాని అందులో లేదు. పంపదగిన చోటు కొరకు వెదకినప్పుడు వారికి కనబడినది నిజాము రాజ్యములోని డోర్నకల్ ప్రాంతము. తమిళులకు అది పరభాష, పరరాజ్యము. ఆ విధముగా తెలుగుగడ్డ వారికి విదేశమయ్యెను.

రెండేండ్ల తరువాత, 1905 డిసెంబరు 25వ తేదీన, బంగాళములోని శ్రీరామపురమున దేశమంతటి నుండి వచ్చిన భారతీయ క్రైస్తవులు జాతీయ మిషనరీ సంఘమును స్థాపించిరి. వారు కూడిన చోటు విలియం కేరీగారి గ్రంథాలయము. నూరేండ్లకు ముందు కేరీగారును ఆయన సహాయకులును తెలుగుతో సహా దేశభాషలనేకములలో గ్రంథములు అచ్చువేయించిన ఊరది. పుస్తకముల నడుమ కూర్చుండి చేసిన ఆ తీర్మానమునకు అజరయ్యగారు మొదటి ప్రధాన కార్యదర్శియైరి, కె. టి. పాల్‌గారు తోడుగా నిలిచిరి. 1907లో జపాను రాజధానియగు టోక్యోలో ప్రపంచ విద్యార్థి సమాఖ్య కూడినప్పుడు అజరయ్యగారు భారతదేశ ప్రతినిధిగా వెళ్ళిరి.

పేరు వచ్చెను, పదవి వచ్చెను, దేశదేశముల స్నేహితులు కలిగిరి. అయితే ఏండ్ల తరబడి పొమ్మని ఇతరులకు చెప్పినవానికి ఒకనాడు ఆ మాట తన మీదికే తిరుగక తప్పదు. ఎందరో విద్యార్థులను ఆయన పల్లెలకు పొండని ప్రోత్సహించిరి. తాను మాత్రము నగరము నుండి నగరమునకు రైలులో తిరుగుచుండిరి. డోర్నకల్‌లో తమ సంఘపు సేవకులు జ్వరములతో, ఒంటరితనముతో పడు పాట్లు ఆయనకు తెలియును. ముప్పదియైదేండ్ల వయస్సున, భార్యాబిడ్డలు గలవాడై, 1909లో ఆయన యువజన సంఘపు ఉద్యోగము వదలి గురుపట్టము పొంది డోర్నకల్ చేరిరి. ముప్పదియైదేండ్లకు తెలుగు అక్షరములు దిద్దుట తేలిక గాదు. ఆయన దిద్దిరి, తుదకు తెలుగుపల్లెలలో తెలుగువాని వలె మాటలాడగలిగిరి.

1910లో స్కాట్లండులోని ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. ఆ సభలో అజరయ్యగారి ఉపన్యాసము పెద్ద కలవరము పుట్టించెను. విదేశ మిషనరీలు బీదలకు తమ సర్వస్వమును, తుదకు దేహములను సయితము ధారపోయుదురని ఒప్పుకొనుచునే, భారతీయుని సమానునిగా తమ ఇంట భోజనమునకు పిలువరని, తమకు కావలసినది దాతలు కాదు స్నేహితులని ఆయన స్పష్టముగా చెప్పిరి. కొందరు తెల్లవారు నొచ్చుకొనిరి. అది పరుల మీద ద్వేషముతో పలికిన మాట కాదని ఎరుగుటకు ఎడ్డీతో ఆయన స్నేహమొక్కటి చాలును; స్నేహమెట్టిదో చవిచూచినవాడే దాని లేమిని అంత గట్టిగా చెప్పగలడు.

మద్రాసు బిషపు వైట్‌హెడ్‌గారు ఆయనను బిషపును చేయుటకు పట్టుదలతో పనిచేసిరి. భారతీయుని క్రింద తెల్లవారు పనిచేయుటయా యని కొందరును, నాడారు కులస్థుని బిషపును చేయుటయా యని స్వదేశ క్రైస్తవులలోనే కొందరును అడ్డుపడిరి. అయినను 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింటు పాల్ గుడిలో ఆయన అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘమున బిషపు పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనయే.

ఆ పదవి పేరునకు గొప్పదైనను డోర్నకల్ బిషపునకు ఎద్దులబండియు, సైకిలును వాహనములు. పల్లె వెంట పల్లె తిరుగుట, చెట్టుక్రింద జనమును కూర్చుండబెట్టి ప్రశ్నలడుగుట, తప్పు చెప్పినవారికి మరల చెప్పించుట ఆయన పద్ధతి. సంఘములో చేరినవారిలో హెచ్చుమంది మాల, మాదిగ కూలీలు. వారిలో చదువు వచ్చినవారు అరుదు. ఆ రెండు కులములవారును తమలో తాము ఒకరినొకరు ముట్టుకొననివారు. వారిని ఒక వరుసలో కూర్చుండబెట్టుటకే ఆయనకు ఏండ్లు పట్టెను. త్రాగుడు, అప్పు, బాల్యవివాహము, వీనిమీద ఆయన నిర్దాక్షిణ్యముగా నుండిరి. అంత కాఠిన్యము అవసరమా యని ఆయనను ప్రేమించినవారే కొన్నిసార్లు అనుకొనియుందురు. డోర్నకల్ బడిలో పిల్లవాండ్రు పలక పట్టుటతో పాటు పలుగు, పార పట్టవలెను. పొలము పని తెలియని ఉపాధ్యాయుడు పల్లెకు పనికిరాడని ఆయన మతము. పల్లె ఉపాధ్యాయుల భార్యలకు అన్బు మరియమ్మాళ్‌గారు చదువును, శిశుపోషణమును, శుభ్రతను నేర్పుచుండిరి.

మద్రాసు కళాశాలలలో పట్టభద్రులకు చెప్పిన పాఠమునే ఆయన డోర్నకల్‌లో అక్షరమెరుగని కూలీలకు చెప్పిరి. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన తలపై తాను చేయి పెట్టుకొని, తాను విన్నదానిని ఇతరులకు చెప్పక మానననుచు ప్రమాణము చేయవలెను. ఏటేట ఒక వారము దినములు సంఘమంతయు, ఆడవారును మగవారును, పొరుగిండ్లకును పొరుగూళ్ళకును పోయి తమ మాట చెప్పవలెను. జీతము లేని ఆ పనివారు వేలకొలది బయలుదేరిరి. కులస్థులైన రైతులు వారి నడవడియందలి మార్పును చూచి మొదట నవ్విరి, పిమ్మట విచారించిరి. వారిలో కొందరు సంఘమున చేరిరి. 1912లో ఆరుగురే యున్న స్వదేశ గురువులు ఆయన కాలముననే నూరుమందికి మించిరి. తరువాత కృష్ణా ప్రాంతపు సంఘములును ఆ మండలముతో చేరి, అది దేశములో పెద్ద బిషపు మండలములలో నొకటయ్యెను.

ఈ చేరికలను అందరును మెచ్చలేదు. హరిజనులను గుంపులుగా మతము మార్చుట తగదని గాంధీమహాత్ముడు 1930 దశకమున గట్టిగా వాదించిరి. మనస్సు మారినవానిని ఎవరును ఆపరాదని అజరయ్యగారు నమ్మిరి. ఇద్దరి మధ్య ఆ భేదము తీరలేదు. అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు కావలెనను కోరికను అజరయ్యగారు కూడ వ్యతిరేకించిరని మరువరాదు. ఓట్ల కొరకు సంఘము పెరుగుట ఆయనకు ఎంతమాత్రమును సమ్మతము కాదు.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన ప్రధానాలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడెను. దక్షిణదేశ దేవాలయపు స్తంభములు, మసీదుల గుమ్మటములు, మీనారులు కలసిన కట్టడమది. ఏ ఆంగ్లదేశపు గుడికిని నకలు గాదు. ఏండ్ల తరబడి కట్టిన దానిని ఆయన కన్నులార చూచిరి. మరియొక కట్టడము మాత్రము ఆయన బ్రదుకున పూర్తి కాలేదు. 1919లో తరంగంబాడిలో కూడిన గురువుల సభలో దక్షిణదేశ సంఘములన్నియు ఒకటి కావలెనను ప్రకటనకు ఆయన ముఖ్య కారకులు. ఆ చర్చలు ఇరువదియేండ్లకు పైగా సాగెను. విసుగు చెందక ఆయన ప్రతి సభకును పోయిరి. 1945 జనవరి 1వ తేదీన, ఆ తీర్మానము తేలకమునుపే, డోర్నకల్‌లోనే ఆయన కన్నుమూసిరి.

1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసున దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. డోర్నకల్ మండలమును, మెదకు ప్రాంతపు వెస్లియను సంఘములును అందులో కలిసెను. వికారాబాదు, తాండూరుల మెథడిస్టు సంఘములు ఆ ఐక్యమున చేరక తమ మార్గముననే నిలిచినవి.