కూలికి పోయి తిరిగొచ్చిన కొమురం భీం

ఖాజాగూడలో మేడల పనికి వలసొచ్చిన కూలీలతో మేం కూర్చున్నప్పుడు కొమురం భీం ముచ్చట వస్తే, అందరికీ గుర్తొచ్చేది తుపాకీ పట్టిన మనిషే. భీం కూడా మనలాగే ఊరొదిలి కూలికి పోయినవాడంటే చాలామంది ఆశ్చర్యపోతారు. అందుకే ఆ సంగతి రాస్తున్నాం.

భీం 1901లో ఆసిఫాబాద్ ప్రాంతం సంకేపల్లిలో, ఒక గోండు ఇంట్లో పుట్టాడంటారు. నైజాం సర్కారు అడవుల్ని రిజర్వు చేస్తున్న కాలమది. తాతల నుంచి దున్నుకుంటున్న పోడు సర్కారు గీసిన గీతలో పోయింది. పశువును మేపితే పన్ను, కట్టె తెస్తే పన్ను. పట్టా అంటే ఏమిటో గోండులకు తెలియదు. తెలిసిన షావుకార్లు మాత్రం బయటినుంచి వచ్చి అదే భూమిని కచేరీలో తమ పేర రాయించుకున్నారు. తండ్రి పోయాక భీం కుటుంబం సుర్దాపూర్‌కు తరలి, అక్కడ మళ్లీ అడవి కొట్టి సేద్యం చేసింది. పంట చేతికొచ్చే వేళకు సిద్దిఖీ అనేవాడు భూమి తనదంటూ దిగాడు. కొట్లాటలో భీం దెబ్బకు అతను చచ్చాడు.

ఇక ఊళ్లో ఉండే వీలు లేదు. భీం చాందాకు, అక్కడినుంచి అస్సాం తేయాకు తోటలకు పోయాడు. కొన్నేళ్లు తోటకూలీగా బతికాడు. చదవడం, రాయడం నేర్చింది ఈ తిరుగుళ్లలోనే అని గోండు పెద్దలు చెప్పుకుంటారు.

తిరిగొచ్చి బాబేఝరిలో నిలిచాడు. జోడేఘాట్ చుట్టూ పన్నెండు గూడేల వాళ్లు పోడు కొట్టుకుంటే జంగ్లాతోళ్లు వచ్చి గుడిసెలు తగలబెట్టారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. భీం ముందుగా పట్టింది తుపాకీ కాదు, అర్జీ. అధికారుల చుట్టూ తిరిగాడు. నైజాంకు మొర పెట్టుకోవాలని హైదరాబాదు దాకా పోయాడు, దర్శనం దొరకలేదు. అప్పుడే గూడేలు ఆయుధం పట్టాయి. నీరు, అడవి, భూమి మావే, మా గూడేల్లో మా ఏలుబడే ఉండాలి అన్నది వాళ్ల కోరిక. రాజీ మాటలు నడిచాయి గానీ తెగలేదు. 1940లో ఆశ్వయుజ పున్నమి రాత్రి పోలీసులు జోడేఘాట్ గుట్టను చుట్టుముట్టారు. భీంతోపాటు గోండు యువకులు ఎందరో కూలిపోయారు. ఏటా ఆ పున్నమికే అక్కడ వర్ధంతి జరుపుతారు.

తర్వాత సర్కారుకు భయం పుట్టింది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుణ్ణి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు బడి తెరిచారు, ఆ దశకంలోనే ఆదిలాబాద్ ఆదివాసులకు లక్షన్నర ఎకరాలకు పైగా పట్టాలిచ్చారు. భీం బతికుండగా అర్జీకి కదలని కాగితం అది. ఇచ్చిన భూమిలోనూ ఎంతో భాగం తర్వాత మళ్లీ షావుకార్ల పాలైంది.

2016లో ఆసిఫాబాద్ జిల్లాకు ఆయన పేరు పెట్టారు. 2025 మే నెలలో పులుల దారి కోసమని ఆ జిల్లా అడవుల్ని కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 49వ నంబరు జీవో వచ్చింది. మళ్లీ లేచిపొమ్మంటారని ఆదివాసులు బందులు చేశారు, జూలైలో ప్రభుత్వం జీవోను నిలిపింది. ఆ రిజర్వుకు పెట్టిన పేరు కూడా కొమురం భీందే.