గోదావరి చిత్రకారుడు దామెర్ల రామారావు

ఆధునికాంధ్ర చిత్రకళకు దారి తీసినవారిలో అగ్రగణ్యుడైన దామెర్ల రామారావు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. 28 ఏండ్లు నిండకమునుపే అస్తమించినను, అతని పేరు నేటికిని ఆ నగరముతో ముడివడియున్నది.

ఆ దినములలో అచటి ప్రభుత్వ కళాశాలకు ఆస్వల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా నుండెను. ఆయన స్వయముగా చిత్రకారుడు, రచయిత. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆయన శిష్యులే. ఆయన యువకులను వెంటబెట్టుకొని గోదావరి తీరమున తిరుగుచు, ప్రకృతిని తేరిపార చూచుట నేర్పెడివాడు. రామారావు చేతివాటమును గుర్తించినదియు, అతడు 1916లో బొంబాయి జె. జె. కళాశాలలో చేరుటకు తోడ్పడినదియు ఆ దొరయే. వయస్సున ఇంచుమించు 15 ఏండ్ల అంతరమున్నను వారి నడుమ నెలకొన్నది కేవలము గురుశిష్య సంబంధము కాదు, గాఢమైన మైత్రి.

బొంబాయిలో పాశ్చాత్య పద్ధతిని క్షుణ్ణముగా అభ్యసించినను రామారావు మనస్సు పుట్టిన గడ్డను విడువలేదు. వంగదేశపు చిత్రకారుల మసకవర్ణములను గాని, విదేశీయుల రీతిని గాని గ్రుడ్డిగా అనుకరింపక, స్పష్టమైన రేఖతో, తేటయైన రంగులతో తనదగు శైలిని దిద్దుకొనెను. పాపికొండల నడుమ సాగు గోదావరి, ఆంధ్ర వనితల కట్టుబొట్టులు అతనికి చిత్రవస్తువులైనవి. పుష్పాలంకారము, సిద్ధార్థ రాగోదయము, ఋష్యశృంగ బంధనము, కార్తీక పౌర్ణమి మున్నగు చిత్రములు అతనికి కీర్తి తెచ్చినవి. పురాణకథను చిత్రించినప్పుడును అందలి మనుష్యులు మన యింటివారివలెనే కనబడుదురు.

నేర్చినది తనతోనే నిలిచిపోరాదని అతడు మిత్రుల తోడ్పాటుతో రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను స్థాపించెను. అది వేళ్లూనుచుండగనే మశూచికము సోకి 1925 ఫిబ్రవరి 6న కన్నుమూసెను.

చిత్రములు చెల్లాచెదరై పోవలసిన ఘడియ అది. అట్లు కానీయక కాపాడినవారు భార్య సత్యవాణి, ప్రాణమిత్రుడు వరదా వెంకటరత్నము. స్వయముగా చిత్రకారుడైన వెంకటరత్నము మిత్రుని పాఠశాలను నడిపి, ఎందరో శిష్యులను తీర్చిదిద్దెను. వారి కృషి ఫలముగా వెలసినదే రాజమహేంద్రవరమందలి దామెర్ల రామారావు చిత్రశాల. సెలవులకు స్వస్థలము పోవు తెలుగు కుటుంబములు పుష్కరస్నానముతో పాటు ఆ చిత్రశాలను గూడ దర్శించినచో, ఒక స్నేహము కాపాడిన గోదావరిని అచట చూడగలరు.